చెక్కను చెక్కకుండా బాగుచేసిన మేస్త్రి

మూడు త్రీ నాట్ త్రీ రైఫిళ్ల కర్రలు, అంటే వాటి చెక్క భాగాలు, బాగుచేయమని ఇస్తే రెండింటివే తిరిగొచ్చాయి. చెప్పిన గడువు దాటి మూడు వారాలు ఎక్కువ పట్టింది. పంద్రాగస్టు రిహార్సల్లో ఒక కేడెట్ వేసుకున్న తెల్ల గ్లవ్స్ పసుపు నీళ్లలో ముంచినట్టయ్యాయి. ఇంత జరిగినా, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఈ పని ఎవరు చేస్తారని అడిగితే నేను ఈ మేస్త్రి పేరే చెబుతాను. ఎందుకో తెలియాలంటే మొదట్నుంచీ వినాలి.

నేను సైన్యంలో మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. సికింద్రాబాద్‌లో ట్రైనింగు, 22 ఏళ్ల నౌకరీ, హవల్దారుగా పెన్షన్. నేను చేరేసరికే పటాలాల్లో దీని తర్వాత వచ్చిన ఎస్ఎల్ఆర్ రైఫిల్ నడుస్తోంది. త్రీ నాట్ త్రీ ముసలిదైపోయి కోత్‌లో (ఆయుధాల గదిలో) ఒక మూలకి చేరింది. అయినా మా ఉస్తాద్ పని నేర్పింది దాని మీదే. ఆ రైఫిల్ కర్ర నేను కళ్లు మూసుకుని విప్పేవాణ్ణి. ఇప్పుడు షుగర్ వల్ల కుడిచేతి బొటనవేలు మొద్దుబారింది. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే జారిపోతోంది. అందుకే పని ఇంకొకళ్ల చేతిలో పెట్టి, పక్కన స్టూలేసుకుని కూర్చుని చూడాల్సి వచ్చింది. అలా కూర్చోవడం ఎంత కష్టమో పనోళ్లకే తెలుసు.

మా ఊరి కాలేజీలో ఎన్‌సీసీ చూసే లెక్చరర్ నాకు మేనల్లుడి వరస. జూన్‌లో ఒకరోజు ఇంటికొచ్చి, "మావయ్యా, డ్రిల్లు రైఫిళ్లు మూడు మరీ పాడైపోయాయి, ఒకసారి వచ్చి చూస్తావా" అన్నాడు. ఇవి పేల్చే రైఫిళ్లు కావు. బేరల్‌కి రంధ్రం వేసి, ఫైరింగ్ పిన్ను తీసేసి, కర్ర మీద డీపీ అని ముద్ర కొట్టినవి. డ్రిల్ పర్పస్ అని అర్థం. పిల్లలు సావధాన్, సలామీ శస్త్ర్ చేయడానికి మాత్రమే. పేలకపోయినా సర్కారు సొత్తు సర్కారు సొత్తే కాబట్టి మా వాడు బెటాలియన్ నుంచి కాగితం మీద అనుమతి తెచ్చాకే ముట్టుకున్నాం. ఇనుము ఒక్క ముక్క కూడా గది దాటలేదు. అన్నీ కోత్‌లో పెట్టి తాళం వేసి, కర్రలు మాత్రం గోనెసంచిలో చుట్టి మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాం.

మూడూ త్రీ నాట్ త్రీలో మార్క్ త్రీ స్టార్ అనే రకమే. మార్క్ త్రీ 1907 నాటి నమూనా. మొదటి ప్రపంచ యుద్ధంలో తొందరగా, చవగ్గా చేయడానికి అందులో కొన్ని సామాన్లు తగ్గిస్తే 1916లో ఈ స్టార్ వచ్చింది. మన వాటి మీద కిరీటం, దాని కింద రాజుగారి పేరు అక్షరాలు, ఇషాపూర్ (బెంగాల్‌లోని రైఫిల్ ఫ్యాక్టరీ), ఒకదాని మీద 1942 అని ఉంది. మడమలో, అంటే భుజానికి ఆనే వెనక కర్రలో, సామాన్లు దాచుకునే అర ఉంటుంది, దాని మూత ఇత్తడిది. ఆయిల్ సీసా, పుల్‌త్రూ (బేరల్ లోపల తుడిచే తాడు) అందులో ఉండాలి. ఒకదాంట్లో అవేవీ లేవు గానీ, బాగా మడతపెట్టిన చిట్టీ ఒకటి దొరికింది. మ్యాప్ రీడింగ్ జవాబులు! ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ పరీక్షకి ఎవడో మహానుభావుడు దాచుకున్నాడు. పాసయ్యాడో లేదో.

మూడింటిలో ఒకదాని కథ వేరు. పదేళ్ల కిందట, మా వాడు ఆ ఉద్యోగంలోకి రాకముందు, దాన్ని ఒక ఫర్నిచర్ పాలిష్ షాపుకి ఇచ్చారట. ఏ ఊరు, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం. వాళ్లు డైనింగ్ టేబులుకి చేసినట్టే దీనికీ చేశారు. మిషన్‌తో గీకి, నున్నగా చేసి, మెరిసే వార్నిష్ మూడు కోట్లు కొట్టారు. గీకుడికి ముద్రలన్నీ పోయాయి. కర్ర ఇనుము కంటే ఒక్క పిసరు ఎత్తుగా ఉండాలి, అప్పుడే దెబ్బ తగిలినా అంచు లేవదు. దీని కర్ర అరిగి ఇనుము అంచుల కంటే లోపలికి దిగిపోయింది. వార్నిష్ ఎండకీ చెమటకీ ఉల్లిపొరలా లేస్తోంది. పట్టుకుంటే చేయి జారుతుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ముందు కర్ర మీద, అంటే బేరల్ కింద ఉండే పొడుగు కర్ర మీద పడింది. ఇది ఈ రైఫిల్ విప్పే ప్రతివాడికీ తెలియాలి. మడమని బిగించే పొడుగు బోల్టు మడమ లోపలి నుంచి వస్తుంది. దాని కొస చతురస్రంగా ఉండి, ముందు కర్ర వెనక అంచులో ఉన్న చిన్న ఇనప పలకలోకి దూరి కూర్చుంటుంది. బోల్టు వదులు కాకుండా ఆ పలక దాన్ని పట్టుకుని ఉంటుంది. అందుకని ముందు కర్ర తీయకుండా మడమ బోల్టు తిప్పకూడదు. తిప్పితే కొస తిరుగుతుంది, పలక తిరగదు, మధ్యలో కర్ర చీలుతుంది. ఆ షాపువాళ్లు మడమే కదా అని నేరుగా పెద్ద స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పేసినట్టున్నారు. ముందు కర్ర వెనక నుంచి అడుగుభాగం దాకా చీలిక వచ్చింది. అందులో వార్నిష్ పోసి మూసేశారు.

ఇక మేస్త్రి సంగతి. కొట్టుకి బోర్డు లేదు. తలుపులు, మంచాలు, దేవుడి మందిరాలు చేస్తాడు. నా ఈడు మనిషే. తెలుగు మాట్లాడుతూ మధ్యలో ఒడియాలోకి దిగి, మళ్లీ తెలుగులోకి ఎక్కుతాడు. నా తెలుగులో ఫౌజీ హిందీ ఉంటుంది కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. (గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మాట్లాడే భాషే రాయాలని పోట్లాడిన మనిషి. ఆ ధైర్యంతోనే నేనూ నోటికొచ్చినట్టు రాస్తున్నాను.)

మడమ చేతికిస్తే మొదట వాసన చూశాడు. గోటితో ఒక మూల గీరి, "ఇది టేకు కాదు గదా, ఏ కర్ర బావూ?" అన్నాడు. అక్రోటు, అంటే వాల్‌నట్, అన్నాను. ఆయన ఎప్పుడూ ఆ కర్ర మీద పని చేయలేదట. ఆ ముక్క చెప్పకుండా దాచలేదు, అది నాకు నచ్చింది. నేను వెళ్లిన మిగతా రెండు చోట్ల వాళ్లు మొదట అడిగింది, "ఏ కలర్ కావాలి సార్, రోజ్‌వుడ్డా, వాల్‌నట్టా?" అని. వాల్‌నట్ కర్రకి వాల్‌నట్ రంగు వేస్తారట! ఈయన మాత్రం, "ఇందులో ఏది పోవాల, ఏది ఉండాల, అది సెప్పండి" అన్నాడు.

ముద్రలు ఉండాలి, అతుకులు ఉండాలి, మురికీ పాత గ్రీజూ పోవాలి, ఇసక కాగితం తగలకూడదు అన్నాను. అతుకులంటే, ఒక మడమ మడమపట్టీ దగ్గర పెచ్చు ఊడితే ఏనాటి ఆర్మరరో వేరే ముక్క కూర్చి, చిన్న కర్ర చీల దిగేశాడు. మేస్త్రి దాన్ని వెలుతురుకి తిప్పి చాలాసేపు చూశాడు. "ఎవుడో పనోడు సేసినాడు. ఒకే వాటంలో కుదిర్చినాడు సూడండి" అని వేలితో గీత వెంబడి చూపించాడు. నిజమే, ముక్క కర్ర నార వాలు, మడమ నార వాలు ఒకే దిక్కుగా ఉన్నాయి. నేనది గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. అలాగే ముందు కర్రలకి అడ్డంగా ఉన్న స్క్రూ చూసి, ఇదేంటి, మరమ్మతా అని అడిగాడు. కాదు, అది ఇషాపూర్ వాళ్లదే. కర్ర చీలకుండా ముందుజాగ్రత్తగా అడ్డంగా బిగించేవారు. ఆ స్క్రూ ఉంటే ఇషాపూర్ రైఫిల్ అని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

పని తీరు చెబుతాను. దశాబ్దాల గ్రీజు కర్రలో ఇంకి నల్లగా, జిడ్డుగా ఉంది. కాస్టిక్ సోడా పెడదామని ఒకరు సలహా ఇచ్చారు. పెడితే జిడ్డు పోతుంది గానీ, కర్ర జీవం కూడా పోతుంది. ఈయన రంగుల షాపులో లప్పానికి అమ్మే చాక్ పౌడర్ తెప్పించి, టర్పెంటైన్‌తో పెరుగులా కలిపి, కర్రంతా మందంగా పూసి ఎండలో పెట్టాడు. ఎండకి కర్రలో నూనె పైకి వస్తుంది, పొడి దాన్ని పీల్చుకుంటుంది. తెల్ల పూత సాయంత్రానికి కాఫీ రంగులోకి మారింది. దులిపి, మళ్లీ పూసి, ఇలా ఒక్కో కర్రకి నాలుగైదుసార్లు. మధ్యలో రెండు రోజులు వాన. మూడోసారికి కింద నుంచి ఎర్రటి చాయ కనపడింది. నేను సర్వీసులో చూసిన అక్రోటు అదే.

తర్వాత లొత్తలు. తడిగుడ్డ పరిచి మీద ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి నలిగిన కర్ర ఉబ్బి లేస్తుంది. నలిగింది లేస్తుంది, తెగింది లేవదు. పెద్ద గాట్లు అలాగే ఉంటాయి, ఉండనీ. ఇక్కడే నేను కంగారుపడ్డాను. ముద్ర కూడా కర్రని నొక్కి కొట్టిందే కదా, ఆవిరి తగిలితే లొత్తతో పాటు అక్షరమూ లేచిపోతుంది. చెబుదామని నోరు తెరిచేలోపే ఆయన డీపీ అక్షరాల మీద అట్టముక్క అడ్డం పెట్టి, గుడ్డని బొటనవేలంత ముక్కగా చింపి, లొత్త మీద మాత్రమే వేశాడు. మందిరాల మీద చెక్కడాలకి అలవాటైన చేయి. ముద్రల్లో పట్టిన మురికిని వెదురు పుల్ల చీల్చి దాని మొనతో తీశాడు. దానికి ఒక పూటంతా పట్టింది. బిల్లులో దాని ఊసే లేదు.

ఇప్పుడు నూనె. మా ఇద్దరికీ గొడవ వచ్చింది ఇక్కడే.

సైన్యంలో ఈ కర్రలకి పచ్చి అవిసె నూనే పెడతారు. పచ్చిది అంటే ఉడకబెట్టనిది, మందులు కలపనిది. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, కర్ర వేడెక్కేదాకా రుద్దాలి. నేను అదే అన్నాను. మేస్త్రి మబ్బుకేసి చూసి, "వానాకాలం బావూ, పచ్చిది ఆరదు. షాపులో డబుల్ బాయిల్డ్ దొరుకుతాది, అది ఎడదాం" అన్నాడు. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరిపోయే సరుకు కాదు. గాలిలో ఆక్సిజన్ పట్టుకుని, మెల్లగా గట్టిపడుతుంది. తేమలో, మబ్బులో అది ఇంకా మెల్లగా జరుగుతుంది. బాయిల్డ్ దాంట్లో తొందరగా ఆరే మందులు కలుపుతారు కాబట్టి ఒకట్రెండు రోజుల్లో అంటుకోకుండా తయారవుతుంది. ఇదంతా నాకూ తెలుసు. తెలిసీ మొండికేశాను. ఒకదానికి పచ్చిది, ఒకదానికి ఆయన చెప్పింది పెడదామని రాజీ కుదిరింది.

ఆ పసుపు గ్లవ్స్ ఏ రైఫిల్‌వో ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆగస్టు 13న రిహార్సల్. పాపం ఆ అమ్మాయి కర్నల్ గారు చూస్తుండగా సలామీ శస్త్ర్ చేసి, చేయి తీస్తే గ్లవ్ అరచేయి మొత్తం పసుపు. మా మేనల్లుడు నాకేసి చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. ఆ సాయంత్రమే ఆ కర్ర మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్తే, "సెప్పాను గదా" అనలేదు. టర్పెంటైన్ గుడ్డతో పైన మిగిలిన జిడ్డంతా తుడిచి, గోనెగుడ్డతో రుద్ది రుద్ది, రాత్రి తొమ్మిదికి చేతికిచ్చాడు. పంద్రాగస్టున ఎవరి గ్లవ్సూ పాడవలేదు. మరీ ఎక్కువ పూసి మిగిలింది తుడవకపోవడమే అసలు తప్పు, అది చేసిన చేయి నాది. నూనె పెట్టిన పావుగంటకి కర్ర తాగనిదంతా తుడిచేయాలి, లేకపోతే బంకలా తయారవుతుంది.

బాయిల్డ్ నూనె పెట్టినదానికి మొదటి కోటు సగానికి సగం టర్పెంటైన్‌తో పలచన చేశాడు, లోపలికి దిగడానికి. తర్వాత నాలుగు కోట్లు ఉత్త నూనె, రోజు విడిచి రోజు. బయటే కాదు, బేరల్ కూర్చునే గాడి లోపల కూడా పెట్టాడు. అక్కడ తేమ చేరితే కర్ర వంకర పోతుంది. గాడిలో ఇనుము ఆనే చోట్లు మాత్రం ముట్టుకోవద్దన్నాను, ఉలి దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఇంకో సంగతి చూసి సంతోషపడ్డాను. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకుండా, నీళ్ల బక్కెట్లో వేసేవాడు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోయే దారిలేక దానంతట అదే అంటుకుంటుంది. రంపపు పొట్టు నిండిన వడ్రంగి కొట్టులో అంతకంటే భయం ఇంకేముంటుంది? ఎవరు నేర్పారని అడిగితే, చిన్నప్పుడు నాన్న కొట్టేవాడన్నాడు.

ఆలస్యం గురించి కూడా న్యాయంగా చెప్పాలి. జూన్ నెలాఖరులో ఇచ్చినప్పుడే, "రథం పని ఉంది, అది అయ్యాకే ముట్టుకుంటాను" అన్నాడు. మా ఊళ్లో రథయాత్రకి వడ్రంగులు ఎవరూ ఇంటిపని ముట్టుకోరు. నేనే ఏదో మాటవరసకి అంటున్నాడనుకున్నాను. జగన్నాథుడి కంటే త్రీ నాట్ త్రీ పెద్దదేం కాదు.

అలాగని ఆయన తప్పులేం లేవని కాదు. ఫోన్ ఎత్తడు. పది సార్లు చేస్తే ఒకసారి ఆయన మనవడు ఎత్తి, "తాత నేడు" (లేడు) అని పెట్టేస్తాడు. ముక్కలకి గుర్తులు పెట్టుకోడు. రెండు రైఫిళ్ల బేరల్ మీది పై కర్రలు ఒకదానివి ఇంకోదానికి కలిపేసి ఇచ్చాడు. ఒకే నమూనా అయినా, ఏ రైఫిల్ పై కర్ర ఆ రైఫిల్‌కే సరిగ్గా కూర్చుంటుంది. ఎన్‌సీసీ గదిలో బిగించేటప్పుడు ఒకటి ఎత్తుగా, ఒకటి వదులుగా ఉంటే గంటసేపు తల పట్టుకున్నాం. ఇచ్చేటప్పుడు మీరే ప్రతి ముక్క లోపలివైపు పెన్సిల్‌తో నంబరు వేసి ఇవ్వండి. బిల్లు కూడా ఇవ్వడు. కాలేజీ వాళ్లకి రసీదు కావాలంటే తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకోవాల్సి వచ్చింది.

ఒక్కో రైఫిల్ కర్రలకి 1,400 తీసుకున్నాడు. నూనె, టర్పెంటైన్, చాక్ పౌడర్ మనమే కొనివ్వాలి, రెండింటికీ కలిపి 700 దాటలేదు. రెండూ బిగించాక గోడకి ఆనించి చూశాం. కొత్తవాటిలా లేవు. గాట్లు గాట్లే, అతుకు అతుకే, డీపీ అక్షరాలు మాత్రం నిన్న కొట్టినట్టు చదవచ్చు. మెరుపు లేదు, లోపలి నుంచి ఒక నునుపు ఉంది. బిగించేటప్పుడు మడమ బోల్టు ముందు, ముందు కర్ర తర్వాత. బోల్టు తల మీద తోలు బిళ్ల పెట్టడం మర్చిపోవద్దని మేనల్లుడికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెబుతుంటే, "తెలుసు మావయ్యా" అని విసుక్కున్నాడు.

లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకి ఒక మాట. బ్యాంకు గార్డులు చాలామంది నన్ను అడుగుతున్నారు. మొత్తం తుపాకీ సంచిలో వేసుకుని ఈ మేస్త్రి దగ్గరికి వెళ్లకండి, ఆయన తలుపు కూడా తీయడు. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. అలాంటి షాపుకే వెళ్లండి. వెళ్లి, కర్రకి ఇసక కాగితం పెట్టొద్దని పక్కన నిలబడి చెప్పండి.

మూడోది, ఆ వార్నిష్ తాగిన రైఫిల్ ముందు కర్ర, ఇంకా ఆయన దగ్గరే ఉంది. వార్నిష్ తీసేశాడు గానీ, చీలికని జిగురుతో అతికించనంటున్నాడు. లోపల వార్నిష్ ఉన్నంతకాలం జిగురు పట్టదట. సన్నటి రంపపు బద్దతో చీలిక లోపలి గోడలు గీకుతున్నాడు, రోజుకి కాస్త. నిన్న వెళ్తే అంగుళంన్నర అయింది, ఇంకా నాలుగంగుళాలుంది. జనవరి 26కి వస్తుందా అని అడిగాను. "కర్ర నడగండి" అన్నాడు.